బ్యాటరీకి కిటికీ

మా అంతర్జల రవాణా భద్రతా సంస్థ చరిత్రలో పడవల బ్యాటరీల వల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదు. పోయిందల్లా ఒక అధికారిగారి సగం మీసం. ఆ సగం మీసం కోసం సంస్థ ఎంతటి దీక్ష పూనిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను ఆ సంస్థలో సీనియర్ అసిస్టెంటుని. నా పేరు సోమయాజులు. సర్క్యులర్లు దాచడం, అడిగినప్పుడు తీసి చదవడం నా పని.

పొరుగు డివిజన్లో ఒక పెద్ద అధికారి పడవ తనిఖీకి వెళ్ళారు. పడవ అడుగున బ్యాటరీ చార్జింగులో ఉంది. చీకట్లో అది ఆయనకు కనపడలేదు. కనపడటం కోసం అగ్గిపుల్ల గీశారు. చార్జింగులో ఉన్న బ్యాటరీ నుంచి ఒక రకం గాలి వస్తుంది. దానికి రంగూ వాసనా లేకపోయినా పౌరుషం మాత్రం ఉంది. భగ్గుమంది. అధికారిగారు వెల్లకిలా పడ్డారు. ఎడమవైపు మీసం పోయింది. కుడివైపు మీసాన్ని సాక్ష్యంగా ఉంచుకుని ఆయన పైకి నివేదిక పంపారు. అందులో అగ్గిపుల్ల ప్రస్తావన లేదు. 'బ్యాటరీ కంటికి కనపడని చోట ఉండటమే ప్రమాదానికి మూలకారణం' అని మాత్రం ఉంది.

నెల తిరక్కుండా నలభై నాలుగో నంబరు సర్క్యులర్ వచ్చింది. మొత్తం ఐదు పేజీలు. రెండో పేజీలో మొదటి నిబంధన: చార్జింగు జరిగినంతసేపూ బాధ్యత గల ఉద్యోగి ఒకరు బ్యాటరీని ఎడతెగకుండా చూస్తూనే ఉండాలి. మూడో పేజీలో రెండో నిబంధన: చార్జింగు జరిగినంతసేపూ బ్యాటరీకి మూడడుగుల లోపల ఏ మనిషి తలా ఉండరాదు. నాలుగో పేజీలో మూడో నిబంధన: బ్యాటరీని దాని స్థానం నుంచి ఎట్టి పరిస్థితిలోనూ కదల్చరాదు. ఐదో పేజీ నిండా డైరెక్టర్ జనరల్ గారి అభినందన సందేశం. ఇంకా ఎవరూ ఏమీ చేయకముందే అందరినీ అభినందించారు.

మా గట్టుపాలెం రేవులో ఉన్న సంస్థ పడవ ఒక్కటే. పేరు జలమిత్ర-7. రేవు నుంచి కందులవారిలంకకు, లంక నుంచి రేవుకు తిరుగుతుంది. లంకలో నూట ఇరవై గడప. వాళ్ళకు బడి, ఆస్పత్రి, రేషను అన్నీ ఇవతలి గట్టునే. జలమిత్ర-7 బటన్ నొక్కితే స్టార్టయ్యే పడవ. అంటే బ్యాటరీ లేకపోతే కదలదు. ఆ బ్యాటరీని ఎక్కడ పెట్టాలో నిర్ణయించిన మహానుభావుడు పడవను ఎప్పుడూ ఎక్కి ఉండడు. ముందు భాగంలో మూడు చెక్కల కింద, పక్కటెముకల్లాంటి దూలాల నడుమ, మనిషి బోర్లా పడుకుని భుజం దాకా చెయ్యి దూరిస్తే గాని అందని చోట దాన్ని ఇరికించాడు.

పడవ నడిపే సరంగు కొప్పాడి భైరవస్వామి. పొడుగ్గా, ఎండిన కొబ్బరిమట్టలా ఉంటాడు. అతను ఈ కష్టానికి ఎప్పుడో తరుణోపాయం కనిపెట్టుకున్నాడు. బ్యాటరీ నుంచి రెండు లావుపాటి వైర్లు బయటికి లాగి, బ్యాటరీ దగ్గరే వాటికో ఫ్యూజు పెట్టి, కొసలు తన సీటు పక్కన చిన్న చెక్కకు బిగించాడు. చార్జింగుకు ముందు మూడు చెక్కలూ ఎత్తేసి అరగంట గాలి ఆడనిస్తాడు. చార్జరు పడవ ఎక్కదు, గట్టు మీద షెడ్డులోనే ఉంటుంది. ముందు ఎర్ర క్లిప్పు, తరవాత నల్ల క్లిప్పు తగిలించి, అప్పుడు గట్టెక్కి స్విచ్చి వేస్తాడు. తీసేటప్పుడు ముందు స్విచ్చి కట్టేస్తాడు. ఇంకో అలవాటు కూడా ఉంది. బ్యాటరీ మీద చెయ్యి వేసే ముందు షెడ్డులో బోర్డు దగ్గరికి వెళ్ళి ఫ్యూజు కేరియర్ ఊడదీసి చొక్కా జేబులో వేసుకుంటాడు. పని అయ్యేదాకా అది జేబులోనే ఉంటుంది. ఆదివారం, గురువారం ఇలా చార్జింగు పెట్టుకుంటూ పన్నెండేళ్ళు గడిపాడు.

ఆదివారం, గురువారమే ఎందుకంటే సోమవారం, శుక్రవారం పడవ తప్పకుండా కదలాలి. భైరవస్వామి అక్క పల్లాలమ్మది లంకలోనే కాపురం. ఆనప, బీర పండించి బతికే మనిషి. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి రెండు రోజులు, సోమవారం ఒకటీ శుక్రవారం ఒకటీ, ఇవతలి పట్నంలో డయాలసిస్. ఒకటి తప్పితే కాళ్ళు పొంగుతాయనీ, వరసగా రెండు తప్పితే మూడోదాని అవసరం ఉండకపోవచ్చనీ డాక్టరు ముఖం మీదే చెప్పేశాడు.

సర్క్యులర్ అందిన రోజే మా జాయింట్ డైరెక్టర్ ఉపేంద్రనాథ్ గారు భైరవస్వామిని పిలిపించారు.

"చార్జింగు పెట్టినప్పుడు నువ్వు బ్యాటరీని చూస్తావా?"

"లేదండి. అదీ నన్ను సూడదండి. ఎవరి పని వాళ్ళం సేసుకుంటామండి."

"మరి భద్రత?"

భైరవస్వామి తన పద్ధతంతా వివరించాడు. గాలి సంగతి, క్లిప్పుల వరస, వైర్ల సంగతి చెప్పాడు. జేబులోంచి ఫ్యూజు కేరియర్ తీసి చూపించాడు కూడా.

"ఇది జేబులో ఎందుకు?"

"నా సేతులు దాని మీదున్నప్పుడు ఎవరో పుణ్యాత్ముడొచ్చి స్విచ్చి ఏసేత్తాడండి. ఇది నా దగ్గరుంటే ఎవరేసినా కరెంటు రాదండి. ఆయ్."

ఉపేంద్రనాథ్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారంటే ఎవరికో మూడిందని మాకు తెలుసు. "సంస్థ ఆస్తిలో అనధికార మార్పులు. ప్రభుత్వ ఫ్యూజును వ్యక్తిగత జేబులో ఉంచుకోవడం. పన్నెండేళ్ళుగా ప్రమాదం జరగలేదంటే అది కేవలం యాదృచ్ఛికం. భద్రత అనేది నిబంధనల ద్వారా రావాలి గాని అలవాటుగా రాకూడదు. సోమయాజులూ, నోట్ చేసుకోండి."

నోట్ చేసుకున్నాను. సాయంత్రానికి ఆ రెండు వైర్లూ కత్తిరించి, సీలు వేసి, బీరువాలో పెట్టాం.

ఇక మొదటి నిబంధన అమలు. అటెండరు కోటిలింగాన్ని బ్యాటరీ వీక్షకుడిగా నియమించారు. సంస్థ కళ్ళు పది నుంచి ఐదు దాకానే పనిచేస్తాయి కాబట్టి చార్జింగు కూడా పది నుంచి ఐదు దాకానే పెట్టాలని తేల్చారు. ఆ వేళ పడవ తిరగదు. కోటిలింగం బోర్లా పడుకుని చెక్కల సందులో తల దూర్చాడు. బ్యాటరీ దివ్యంగా కనపడింది. మొదటి నిబంధన నెరవేరింది. రెండో నిబంధన ప్రకారం అతని తల అక్కడ ఉండకూడదు. తల తీస్తే బ్యాటరీ కనపడదు. కోటిలింగం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తల దూరుస్తూ తీస్తూ రెండు నిబంధనలనూ వంతులవారీగా పాటించాడు. భోజనాల వేళకు మెడ పట్టేసింది.

దాంతో కర్రకు అద్దం కట్టాం. అద్దంలో చీకటి కనపడింది. టార్చిలైటు తెచ్చాం. అప్పుడే రాజధాని నుంచి భద్రతా సలహాదారు నిరంజన్ గారు దిగారు. మెడలో మూడు గుర్తింపు కార్డులు. టార్చి చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు.

"ఇందులో ఏముంటాయి?"

"బ్యాటరీలండి," అన్నాడు కోటిలింగం.

"పడవలో ఉన్న ప్రతి బ్యాటరీకీ సర్క్యులర్ వర్తిస్తుంది. వీటిని ఎవరు చూస్తున్నారు?"

టార్చి బ్యాటరీలు కనపడటానికి టార్చి మూత విప్పాం. మూత విప్పితే టార్చి వెలగలేదు. నేను ఇదంతా ఫైలులో రాశాను. 'టార్చి విషయంలో పురోగతి సాధించబడినది, వెలుతురు విషయం పరిశీలనలో ఉన్నది' అని. ముప్పై ఏళ్ళుగా ఇలాంటి వాక్యాలే రాస్తున్నాను. చెయ్యి దానంతటదే నడుస్తుంది.

ఈలోగా ఒక శుక్రవారం చార్జింగు రోజుగా పడింది. పడవ కట్టేసే ఉంది. పల్లాలమ్మ ఆ రోజు తప్పింది. సోమవారం గోదావరి దాటి వచ్చి, ఆస్పత్రి నుంచి తిన్నగా మా ఆఫీసుకు వచ్చింది. కాళ్ళు పొంగి చెప్పులు పట్టక చేత్తో పట్టుకొచ్చింది. ఉపేంద్రనాథ్ గారు లేచి నిలబడి మరీ మాట్లాడారు. ఆయన మర్యాదస్తుడు, అందులో లోపం లేదు.

"అమ్మా, ఈ చర్యలన్నీ ప్రయాణికుల భద్రత కోసమే. అంటే మీ కోసమే."

"నాకూ వారానికి రెండుసార్లు చార్జింగేనండి బాబూ," అంది పల్లాలమ్మ. "నన్నెవరూ కూకుని సూడక్కర్లేదు. దాటించేత్తే సాలు."

"మీ ఆవేదనను సంస్థ పరిగణనలోకి తీసుకుంటుంది."

"ఎప్పుడు తీసుకుంటాదండి? శుక్రారం లోపలా?"

ఆయన నా వైపు చూశారు. నేను ఫైలు వైపు చూశాను. ఆవిడ కాసేపు మా ఇద్దరినీ చూసి, చెప్పులు పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నాకు సిగ్గు వేసింది. అయినా నోట్ చేసుకున్నాను.

నిరంజన్ గారు వారం రోజులు గెస్టుహౌస్‌లో ఆలోచించి, గోడ మీద తెర కట్టి ఒక ప్రదర్శన ఇచ్చారు. మొదటి బొమ్మలో మనిషి కన్ను. రెండో బొమ్మలో బ్యాటరీ. మూడో బొమ్మలో ఆ రెంటి మధ్యా గీత.

"మిత్రులారా, సమస్య కన్నూ కాదు, బ్యాటరీ కూడా కాదు. మధ్యలో ఉన్న పడవ. పడవ అడ్డు తొలగిస్తే రెండు నిబంధనలూ ఏకకాలంలో నెరవేరుతాయి. పడవ పక్క గోడకు, సరిగ్గా బ్యాటరీకి ఎదురుగా, రెండడుగుల కిటికీ! వీక్షకుడు బయట మూడడుగుల దూరంలో కుర్చీలో కూర్చుంటాడు. బ్యాటరీ లోపల ఉంటుంది. ఇదీ పారదర్శకత అంటే."

చప్పట్లు కొట్టాం. వెనకాల నిలబడ్డ భైరవస్వామి చెయ్యెత్తాడు.

"అది నీళ్ళ మట్టం కిందకొత్తాదండి."

"ఏది?"

"మీరు కన్నం పెడతానన్న సోటండి. జానెడు లోతులో ఉంటాది. పడవ మునిగిపోద్దండి బాబయ్యా."

నిరంజన్ గారు చిరునవ్వు నవ్వారు. "మునగడం, తేలడం పడవల విభాగం పరిధి. నా పరిధి బ్యాటరీ."

పడవను ఒడ్డుకు లాగి కిటికీ కోశారు. కన్నం చక్కగా, నాలుగు మూలలూ కొలిచినట్టు వచ్చింది. దానికి బిగించే అద్దం రాజధాని నుంచి రావాలి. వచ్చింది. పెట్టె మీద 'నీటికి దూరంగా ఉంచవలెను' అని రాసి ఉంది. అద్దం సరఫరా చేసినవాళ్ళు నీళ్ళలో వాడితే పూచీ లేదన్నారు. పూచీ లేని అద్దాన్ని బిగించరాదని మా నిబంధన. అద్దం లేని పడవను నీళ్ళలో దించరాదని ఇంగితం. రెండూ కలిపి ఆలోచించగా పడవను నీళ్ళలోకి దించకపోవడమే క్షేమమని సంస్థ ఏకగ్రీవంగా అభిప్రాయపడింది.

గట్టు మీద సిమెంటు దిమ్మ కట్టి, జలమిత్ర-7ను దాని మీద కూర్చోబెట్టాం. కిటికీకి మూడడుగుల ఇవతల చేతుల కుర్చీ, పైన రేకు, పక్కన రిజిస్టరు. చార్జరు పగలంతా నడుస్తూనే ఉండేది. కోటిలింగం గంటకోసారి 'బ్యాటరీ కనపడుచున్నది, ప్రమాద సూచనలు లేవు' అని రాసి సంతకం పెట్టేవాడు. పడవ ఎక్కడికీ వెళ్ళడం లేదు కాబట్టి బ్యాటరీ ఖర్చయ్యేది కాదు. ఎప్పుడు చూసినా నిండుగానే ఉండేది. రాష్ట్రంలో సంస్థకున్న నలభై పడవల్లోనూ ఇంత ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ ఇంకోటి లేదని పై నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది.

భైరవస్వామి మాత్రం బాబాయి కొడుకు చేపల పడవ అడిగి తీసుకుని అక్కను దాటించేవాడు. అది తాడు లాగితే స్టార్టయ్యే ఇంజను. బ్యాటరీతో పని లేదు. అలా ఐదారు వారాలు గడిచాయి.

తరవాత గోదావరికి ఎర్రనీరు తగిలింది. రెండు రోజుల్లో రేవు మెట్లు పదకొండు మునిగాయి. సంస్థ వెంటనే మేలుకుని నలభై ఐదో నంబరు సర్క్యులర్ ఇచ్చింది. వరద రోజుల్లో ఏ పడవ దాటాలన్నా లైటు, హారను, వాటికి సంస్థ ముద్ర ఉన్న బ్యాటరీ తప్పనిసరి. లేని పడవను రేవులోనే ఆపేయాలి. అమలు చేయడానికి రేవులో తుపాకీ లేని కాపలావాణ్ణి ఒకణ్ణి, లైఫ్ జాకెట్ తొడిగి నిలబెట్టారు.

సోమవారం భైరవస్వామి చేపల పడవకు అరువు లైటు, అరువు హారను కట్టుకొచ్చాడు. ట్రాక్టరు బ్యాటరీ కూడా ఒకటి పెట్టాడు. కాపలావాడు దాని నాలుగు పక్కలా చూశాడు. సంస్థ ముద్ర లేదు. పడవ ఆపేశాడు. పల్లాలమ్మకు ఆ సోమవారం తప్పింది. గురువారం లంకలోని నర్సు కరుణమ్మ ఆఫీసుకు ఫోను చేసింది. ఫోను నేనే తీశాను.

"పల్లాలమ్మగారికి ఆయాసం వత్తందండి. పడుకోలేకపోతన్నారు, గోడకి జారబడి కూకున్నారు. రేపు దాటించకపోతే నేను సెప్పలేనండి."

ఉపేంద్రనాథ్ గారికి చెప్పాను. ఆయన నిజంగా బాధపడ్డారు. వరద సహాయం వేరే శాఖదనీ, వాళ్ళకు తక్షణం లేఖ రాయమనీ అన్నారు. రాశాను. 'పరిశీలిస్తాం' అని జవాబు కూడా తక్షణమే వచ్చింది. మర్నాడు శుక్రవారం కమిషనర్ గారు మా బ్యాటరీని చూడటానికి వస్తున్నారు. ఆఫీసంతా ఆ హడావుడిలో మునిగి ఉంది.

శుక్రవారం పదింటికి దిమ్మ చుట్టూ షామియానా వేశారు. పడవకు బంతిపూల దండ, కిటికీకి రిబ్బను కట్టారు. కమిషనర్ గారు రిబ్బను కత్తిరించి, వీక్షకుడి కుర్చీలో కూర్చుని, బ్యాటరీని ఒక నిమిషం పాటు తదేకంగా చూశారు. లేచి ఉపన్యాసం మొదలుపెట్టారు. "ఒక బ్యాటరీని ఇంత స్పష్టంగా చూడగలగడం నా సర్వీసులో ఇదే ప్రథమం..."

అప్పుడు భైరవస్వామి వచ్చాడు. చేతిలో చేపలు పోసే ప్లాస్టిక్ డబ్బా. అందరికీ ఒక నమస్కారం పెట్టాడు. షెడ్డులోకి వెళ్ళి బోర్డులో ఫ్యూజు కేరియర్ ఊడదీసి జేబులో వేసుకున్నాడు. కిటికీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, లోపలికి చేతులు చాపి, చార్జరు క్లిప్పులు రెండూ తీశాడు. ఆ తరవాత పడవ వైర్లలో నల్లది విప్పాడు, ఎర్రది విప్పాడు. పన్నెండేళ్ళుగా బోర్లా పడుకుని భుజం గీసుకుపోతే గాని అందని బ్యాటరీ. మేము చూడటానికని పెట్టిన ఆ కిటికీలోంచి చేతికందిన పండులా బయటికి వచ్చింది. ఒరగకుండా నిలువుగా డబ్బాలో పెట్టి, భుజానికెత్తుకున్నాడు.

ఉపన్యాసం ఆగిపోయింది. ఉపేంద్రనాథ్ గారి ముఖం పాలిపోయింది. "భైరవస్వామీ! ఏమిటిది?"

"మా యక్కండి," అన్నాడు అతను. "రేవులో ముద్దర ఉన్న బ్యాటరీ ఇదొక్కటేనండి."

కమిషనర్ గారు కనుబొమలు ముడిచారు. "నిబంధనలు దీనికి అనుమతిస్తాయా?"

అందరూ నా వైపు తిరిగారు. సర్క్యులర్ నా చేతిలోనే ఉంది. ఉన్నదున్నట్టు చదవడానికే నాకు ముప్పై ఏళ్ళుగా జీతమిస్తున్నారు. రెండో పేజీ తీశాను. "మొదటి నిబంధన చార్జింగు జరిగినంతసేపే వర్తిస్తుందండి. ఇప్పుడు జరగడం లేదండి." మూడో పేజీ. "రెండోది కూడా అంతేనండి."

"తరవాత?"

నాలుగో పేజీలోని 'కదల్చరాదు' నాకు కంఠతా వచ్చు. గోడకు జారబడి కూర్చున్న ఆ మనిషి కళ్ళ ముందు మెదిలింది. వేలు తడి చేసుకుని రెండు పేజీలు కలిపి తిప్పేశాను.

"తరవాత డైరెక్టర్ జనరల్ గారి అభినందన సందేశమండి."

కమిషనర్ గారి ముఖం విప్పారింది. "అంటే ఇది అత్యవసర తొలగింపు ప్రదర్శన అన్నమాట! ఎంతసేపు పట్టింది?"

"రెండు నిమిషాలండి," అన్నాను.

"అద్భుతం!" అని ఆయనే ముందుగా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య భైరవస్వామి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కాపలావాడు ముద్ర చూసి సెల్యూట్ కొట్టాడు. చేపల పడవ లైటు వెలిగించుకుని, హారను మోగించుకుంటూ, పట్టపగలు ఎర్రనీళ్ళలోకి దిగింది. నేను గట్టు మీద నిలబడి అది చుక్కయ్యేదాకా చూశాను. షామియానాలో లడ్డూలు పంచుతున్నారు.

పన్నెండు దాటాక తిరిగొచ్చారు. పల్లాలమ్మ అడుగు వేయలేకపోయింది. పెదవులు నల్లబడ్డాయి. కోటిలింగం ఎవరూ చెప్పకుండానే తన వీక్షకుడి కుర్చీ మెట్ల దగ్గరికి తెచ్చాడు. దాని మీద ఆవిడను కూర్చోబెట్టి, అతనొక పక్కా భైరవస్వామి ఒక పక్కా మోసుకుంటూ ఆటో దాకా తీసుకెళ్ళారు. సాయంత్రం దాకా ఆగి ఉంటే తమ వల్ల అయ్యేది కాదని డాక్టరు అన్నాడట. ఆ మాట విన్నప్పుడు నేను ఆఫీసు వెనక్కి వెళ్ళి కాసేపు ఒంటరిగా నిలబడ్డాను.

బ్యాటరీ తిరిగి రాలేదు. దాన్ని తిరిగి పెట్టమని ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే లేదని ఎవరూ అనలేదు. కోటిలింగం కుర్చీలో కూర్చుని ఖాళీ కిటికీని చూస్తూ గంటకోసారి 'ప్రమాద సూచనలు లేవు' అని రాసేవాడు. 'బ్యాటరీ కనపడుచున్నది' అన్న ముక్క మాత్రం వదిలేసేవాడు. అబద్ధం రాయడం అతనికి ఇష్టం ఉండదు.

నెలాఖరుకు రాష్ట్రంలో బ్యాటరీ ప్రమాదాలకు అతి తక్కువ అవకాశం ఉన్న పడవగా జలమిత్ర-7కు ప్రథమ బహుమతి వచ్చింది. దీన్ని అధ్యయనం చేయడానికి నిరంజన్ గారు మళ్ళీ దిగి, కిటికీలోంచి చూసి, లోపల బ్యాటరీ లేకపోవడమే ఈ విజయ రహస్యమని పసిగట్టారు. పది రోజుల్లో నలభై ఆరో నంబరు సర్క్యులర్ వచ్చింది. రాష్ట్రంలోని పడవలన్నింటిలోనూ బ్యాటరీలను తొలగించి, గోదాముల్లో భద్రపరచి, లెక్క పంపాలి. ముప్పై తొమ్మిది పడవలవి వెళ్ళాయి. మాది వెళ్ళలేదు. తొలగించాల్సిన బ్యాటరీ తొలగించడానికి ముందే కనపడకుండా పోవడం క్రమశిక్షణా రాహిత్యమని విచారణ వేశారు. షామియానా కింద అందరం చూసిన సంగతి కాగితం మీద మాత్రం ఎక్కడా లేదు. విచారణాధికారిని నేనే.

వరద తీసిన తరవాత ఒక సోమవారం పొద్దున్న కాగితాలు పట్టుకుని రేవుకు వెళ్ళాను. చేపల పడవ వచ్చి ఆగింది. పల్లాలమ్మ అంచు పట్టుకుని తనంతట తానే దిగింది. కాళ్ళకు చెప్పులున్నాయి. ఆవిడ కూర్చున్న బల్ల వెనకాల, మూత లేని చెక్కపెట్టెలో, అందరికీ కనపడేలా, సంస్థ ముద్రతో బ్యాటరీ ఉంది. భైరవస్వామి నన్ను చూసి, ఫ్యూజు వేసుకునే చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

"అమ్మా, వాంగ్మూలం రాయాలి," అన్నాను. "సంస్థకు చెందిన బ్యాటరీ ఒకటి కనపడటం లేదు. మీకేమైనా తెలుసా?"

ఆవిడ వెనక్కి తిరిగి బ్యాటరీని చూసింది. తమ్ముణ్ణి చూసింది. మళ్ళీ నన్ను చూసింది.

"నేనే ఎత్తుకుపోయానని రాయండి బాబూ. ఆడికేం తెలీదు. నా పేరే రాయండి."

"నోటీసు ఇస్తారమ్మా. మిమ్మల్ని విచారణకు పిలుస్తారు."

"పిలవడం దేనికి? ఆళ్ళనే రమ్మనండి. ఇంటి కాడే ఉంటాను. కాపోతే లంకకి రావాలంటే పడవెక్కాలి మరి."

వేలిముద్ర వేసి, ఆటో ఎక్కి ఆస్పత్రికి వెళ్ళిపోయింది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసి పైకి పంపాను. నోటీసు స్వయంగా అందజేయాలని ఉపేంద్రనాథ్ గారు ఆదేశించారు. అందుకు ఒక ఉద్యోగి లంకకు వెళ్ళాలి. సంస్థ ఉద్యోగి సంస్థ పడవలోనే ప్రయాణించాలి. సంస్థకు ప్రస్తుతం కదిలే పడవ లేదు. ఒక పడవ మంజూరు చేయవలసిందిగా ఫైలు పెట్టాం. అది రాజధానిలో పరిశీలనలో ఉంది. ఇక్కడ సోమవారాలూ శుక్రవారాలూ వస్తున్నాయి, పల్లాలమ్మ కూడా వస్తోంది.